మార్పులు చేసిన ఫోర్‌స్ట్రోక్ క్వాడ్‌కు కార్బ్యురేటర్ ట్యూనింగ్: యమహా వైఎఫ్‌జెడ్ 450 ఆధారంగా సమగ్ర మార్గదర్శి

ఫోర్‌స్ట్రోక్ క్వాడ్‌కు (నాలుగు చక్రాల ఆఫ్‌రోడ్ బండికి) సైలెన్సర్ మార్చి, ఎయిర్‌బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే డబ్బా) మూత తీసేసి, గాలి ధారాళంగా వచ్చే ఫిల్టర్ వేసిన క్షణం నుంచి ఫ్యాక్టరీలో కార్బ్యురేటర్‌ను ఏ లెక్కతో అమర్చారో ఆ లెక్క చెల్లదు. కారణం స్పష్టంగా తెలుసుకుంటే మిగతా పని సులువవుతుంది. ఫ్లోట్ బౌల్‌లోని, అంటే కార్బ్యురేటర్ అడుగున పెట్రోలు నిలిచే గిన్నెలోని పెట్రోలుపై బయటి గాలి పీడనం పనిచేస్తుంది, వెంచూరిలో, అంటే గాలి వెళ్లే దారిలోని ఇరుకు చోట, పీడనం దానికంటే తక్కువగా ఉంటుంది, ఆ రెండింటి మధ్య ఉన్న తేడాయే పెట్రోలును జెట్ (సన్నని రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క) గుండా పైకి నెడుతుంది. ఎయిర్‌బాక్స్ మూత తీసేస్తే కార్బ్యురేటర్ నోటి దగ్గర అడ్డు తగ్గి అక్కడి పీడనం బయటి గాలితో దాదాపు సమానమవుతుంది, కనుక తేడా తగ్గుతుంది. గాలి పెరిగి, పెట్రోలును లాగే పట్టు సడలితే మిశ్రమం పలచబడుతుంది. దీన్నే మెకానిక్కులు లీన్ అంటారు, చిక్కబడితే రిచ్ అంటారు. పలచని మిశ్రమంతో ఫుల్ థ్రాటిల్‌లో నడిపితే పిస్టన్ తల కరిగే ప్రమాదం ఉంది. చిక్కని మిశ్రమం అంత త్వరగా ఇంజిన్‌ను పాడు చేయదు, కానీ బలాన్ని తినేస్తుంది, స్పార్క్ ప్లగ్‌ను మసిబారుస్తుంది.

ఈ మార్గదర్శికి 2004 మోడల్‌గా అమెరికా విపణిలోకి వచ్చిన యమహా వైఎఫ్‌జెడ్ 450ని ఆధారంగా తీసుకుంటున్నాను. దానిది 439 సీసీ, అయిదు వాల్వుల ఇంజిన్. గాలి దారి వ్యాసం 39 మిల్లీమీటర్లు ఉన్న కెయిహిన్ ఎఫ్‌సీఆర్ కార్బ్యురేటర్ దానికి గాలీ పెట్రోలూ అందిస్తుంది. హోండా టీఆర్‌ఎక్స్ 450ఆర్ వంటి కార్బ్యురేటర్ క్వాడ్లలోనూ ఇదే కుటుంబానికి చెందిన కార్బ్యురేటర్ ఉంది కనుక కొలతలు మారినా పద్ధతి మారదు. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్న వైఎఫ్‌జెడ్ 450ఆర్‌కు మాత్రం ఇది వర్తించదు.

జెట్ ముట్టుకునే ముందు

ట్యూనింగ్‌కు కూర్చున్నవారిలో చాలామంది నేరుగా మెయిన్ జెట్ మార్చడంతో మొదలుపెడతారు. తప్పు కార్బ్యురేటర్‌లో లేనప్పుడు జెట్ మార్చడం కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్లే అవుతుంది. అందుకే ముందు ఇంజిన్ ఆరోగ్యం తేల్చుకోవాలి.

మొదట వాల్వ్ క్లియరెన్స్ చూడండి. ఇంజిన్ పూర్తిగా చల్లబడి ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో మూడు ఇన్‌టేక్ వాల్వులనూ రెండు ఎగ్జాస్ట్ వాల్వులనూ కొలవండి. ఇన్‌టేక్ వాల్వు బిగుసుకుపోయిన బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది, ఐడిల్ (థ్రాటిల్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) నిలకడగా ఉండదు. ఈ లక్షణాలు అచ్చం పైలట్ జెట్ లోపంలాగే కనిపిస్తాయి.

తరువాత ఇన్‌టేక్ బూట్ దగ్గర గాలి లీక్ ఉందేమో పరీక్షించండి. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా కార్బ్యురేటర్‌కూ సిలిండర్ హెడ్‌కూ మధ్య ఉన్న రబ్బరు బూట్ చుట్టూ చిన్న స్ప్రే సీసాతో నీళ్లు చల్లండి. శబ్దం మారితే అక్కడ లీక్ ఉన్నట్లే. కొందరు దీనికి కార్బ్ క్లీనర్ చల్లుతారు. కాలుతున్న ఎగ్జాస్ట్ పైపు పక్కనే మండే ద్రావకం చల్లడం నాకు ఎంతమాత్రమూ సమ్మతం కాదు.

ఎఫ్‌సీఆర్‌లో వేడి ఇంజిన్‌ను స్టార్ట్ చేయడానికి హాట్ స్టార్ట్ ప్లంజర్ ఉంటుంది. అది అదనపు గాలిని లోపలికి వదులుతుంది కనుక కేబుల్ బిగువు ఎక్కువై ప్లంజర్ పూర్తిగా మూసుకోకపోతే ఐడిల్ మిశ్రమం ఎప్పుడూ పలచగానే ఉండిపోతుంది. హాట్ స్టార్ట్ లివర్‌కు కాస్త ఆట ఉండేలా చూసుకోండి.

ఫ్లోట్ ఎత్తు కూడా ఈ దశలోనే సరిచూడాలి. బౌల్ విప్పి, కార్బ్యురేటర్‌ను పక్కకు వంచి, ఫ్లోట్ నాలుక నీడిల్ వాల్వ్ పిన్నును తాకీ తాకకుండా, లోపలి స్ప్రింగ్ నొక్కుకోకుండా ఉన్న స్థితిలో గాస్కెట్ తలం నుంచి ఫ్లోట్ అంచు వరకు కొలిచి, సర్వీస్ మాన్యువల్‌లోని కొలతతో పోల్చండి. ఫ్లోట్ తప్పుగా ఉంటే ఐడిల్ నుంచి ఫుల్ థ్రాటిల్ దాకా అన్ని దశలూ ఒకే దిశలో తప్పుతాయి, అప్పుడు ఎన్ని జెట్లు మార్చినా వెతుకులాట తెమలదు. నెలల తరబడి ట్యాంకులో నిలిచిపోయిన పెట్రోలును పారబోసి తాజాది పోయండి, ఎయిర్ ఫిల్టర్ కడిగి నూనె పట్టించండి, కొత్త ప్లగ్ వేయండి. ఇకపై బండి ఎలా నడవబోతోందో అదే అమరికలో ట్యూన్ చేయాలి. సైలెన్సర్‌లో నిప్పురవ్వలు బయటికి రాకుండా ఆపే స్పార్క్ అరెస్టర్ ఉంటే దాన్ని బిగించే ఉంచండి, ఎందుకంటే అమెరికా ప్రభుత్వ అటవీ భూముల్లో అది లేకుండా నడపకూడదు, అది తీసి ట్యూన్ చేస్తే పెట్టాక లెక్క మళ్లీ మారుతుంది.

ఏ దశను ఏది నడిపిస్తుంది

కార్బ్యురేటర్‌లో ఏ భాగం పనిచేస్తోందో నిర్ణయించేది ఇంజిన్ వేగం కాదు, థ్రాటిల్ ఎంత తెరుచుకుంది అన్నది. ఈ ఒక్క విషయం మనసులో నాటుకుంటే సగం పని అయినట్లే. ఐడిల్ నుంచి ఎనిమిదో వంతు వరకు పైలట్ జెట్, ఫ్యూయల్ స్క్రూ పనిచేస్తాయి. మన మెకానిక్కులు స్లో జెట్ అనేది ఈ పైలట్ జెట్‌నే. ఎనిమిదో వంతు నుంచి పావు వరకు నీడిల్‌లోని (థ్రాటిల్‌తో పాటు లేచి పెట్రోలు దారిని తెరిచే సూదిలోని) తిన్నని భాగపు మందం, పావు నుంచి ముప్పావు వరకు నీడిల్ క్లిప్ స్థానం, నీడిల్ వాలు, ముప్పావు దాటాక మెయిన్ జెట్ మిశ్రమాన్ని నిర్ణయిస్తాయి. హద్దులు గీత గీసినట్లు ఉండవు, ఒకదాని ప్రభావం పక్కదానిలోకి కొంత పాకుతుంది.

అందుకే అన్నిటికంటే ముందు బొటనవేలితో నొక్కే థ్రాటిల్ లివర్‌కు కొలబద్ద తయారు చేసుకోండి. థ్రాటిల్ డబ్బాపైన తెల్లని టేపు అంటించి, లివర్ పూర్తిగా వదిలినప్పుడూ, పూర్తిగా నొక్కినప్పుడూ దాని అంచు ఎక్కడికి వస్తుందో సన్నని మార్కర్‌తో గుర్తు పెట్టి, మధ్య దూరాన్ని పావు, సగం, ముప్పావుగా విభజించండి. నడుపుతూ లోపం వచ్చిన చోట లివర్ ఏ గుర్తు దగ్గర ఉందో చూసుకుంటే ఏ భాగాన్ని సరిచేయాలో ఆ గుర్తే చెబుతుంది. పికప్ లేదు, మిస్సింగ్ కొడుతోంది అని చెప్పుకోవడం వల్ల జెట్ దొరకదు. సగం థ్రాటిల్‌లో, మూడో గేరులో, చదునైన నేలపై తడబడుతోంది అంటే దొరుకుతుంది.

మార్పును బట్టి మొదటి అంచనా

సైలెన్సర్, హెడ్ పైపు (ఇంజిన్ నుంచి సైలెన్సర్‌కు వెళ్లే ఎగ్జాస్ట్ పైపు) మార్చి ఎయిర్‌బాక్స్ మూత తీసిన బండికి మెయిన్ జెట్ రెండు మూడు సైజులు, పైలట్ జెట్ ఒక సైజు పెంచి మొదలుపెట్టడం సాధారణంగా సురక్షితమైన అంచనా. కెయిహిన్ మెయిన్ జెట్‌పై ఉండే అంకె రంధ్రపు వ్యాసాన్ని సుమారుగా మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతుంది, అంటే 160 జెట్ రంధ్రం దాదాపు 1.60 మిల్లీమీటర్లు. పెట్రోలు పారేది రంధ్రపు వైశాల్యాన్ని బట్టి కనుక 160 నుంచి 165కు వెళ్తే అంకెలో తేడా మూడు శాతమే అయినా వైశాల్యం ఆరు శాతానికి పైగా పెరుగుతుంది. జెట్ మార్చేటప్పుడు ఈ లెక్కే గుర్తుంచుకోవాలి.

బిగ్‌బోర్ కిట్ (పెద్ద సిలిండర్, పిస్టన్) వేసినవారు మెయిన్ జెట్ బాగా పెంచాలనుకోవడం సహజం, కానీ అది అన్నిసార్లూ నిజం కాదు. పెద్ద సిలిండర్ అదే కార్బ్యురేటర్ గుండా గాలిని మరింత బలంగా లాగుతుంది, వెంచూరిలో పీల్పు పెరుగుతుంది, కాబట్టి పాత జెట్ నుంచే ఎక్కువ పెట్రోలు వస్తుంది. కొన్ని బండ్లకు మెయిన్ జెట్ మార్చనవసరమే ఉండదు. కామ్‌షాఫ్ట్ మార్చిన బండి విషయం వేరు. వాల్వ్ ఓవర్‌ల్యాప్ (ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ తెరిచి ఉండే సమయం) ఎక్కువైతే ఐడిల్‌లో పీల్పు బలహీనపడుతుంది, కనుక పైలట్ జెట్ పెంచవలసి రావచ్చు. అధిక కంప్రెషన్ పిస్టన్‌కు జెట్ కంటే పెట్రోలు ఆక్టేన్ ముఖ్యం. తక్కువ ఆక్టేన్ వల్ల వచ్చే నాకింగ్‌ను (మిశ్రమం అదుపు తప్పి పేలడాన్ని) జెట్ పెంచి కప్పిపుచ్చడం ప్రమాదకరం.

మొదట మెయిన్ జెట్

ఏ వరుసలో ట్యూన్ చేయాలనే విషయంలో భిన్నాభిప్రాయాలు ఉన్నాయి. పైలట్ జెట్‌తో మొదలుపెట్టాలని చెప్పేవారూ ఉన్నారు. ఐడిల్ ఓ మోస్తరుగా నిలిచేలా ఫ్యూయల్ స్క్రూ సర్ది, వెంటనే మెయిన్ జెట్‌కు వెళ్లాలన్నది నా నిశ్చితాభిప్రాయం. ఇంజిన్‌ను కరిగించే ప్రమాదం ఫుల్ థ్రాటిల్‌లోనే ఉంది. పైగా నీడిల్ దగ్గరికి వెళ్లే పెట్రోలంతా మెయిన్ జెట్ గుండానే వెళ్తుంది కనుక మెయిన్ జెట్ తేలకుండా నీడిల్‌ను సర్దితే ఆ పని మళ్లీ చేయవలసి వస్తుంది.

ఎఫ్‌సీఆర్‌లో మెయిన్ జెట్ మార్చడానికి కార్బ్యురేటర్ మొత్తం ఊడదీయక్కర లేదు. పెట్రోలు కుళాయి మూసి, ఇంజిన్ చల్లబడ్డాక బౌల్ అడుగున ఉన్న 17 మిల్లీమీటర్ల ప్లగ్ విప్పండి. బౌల్‌లోని పెట్రోలును గిన్నెలో పట్టుకున్నాక ఆ రంధ్రం గుండానే చిన్న రెంచితో జెట్ విప్పి కొత్తది బిగించవచ్చు. జెట్ ఇత్తడిది కనుక చేతి బిగువుకు కొంచెం మించి మాత్రమే బిగించండి. ప్లగ్ పెట్టేటప్పుడు ఓ-రింగ్ చిట్లలేదని చూడండి.

ఇంజిన్‌ను పూర్తిగా వేడెక్కించి, ఎదురు రాకపోకలు లేని, నడపడానికి అనుమతి ఉన్న పొడవైన చదును చోటును ఎంచుకుని, మూడో లేదా నాలుగో గేరులో మధ్యస్థ వేగం నుంచి ఫుల్ థ్రాటిల్ ఇవ్వండి. వేగం బాగా పుంజుకున్నాక లివర్‌ను ముప్పావు దాటిన చోటికి, అంటే ఎనిమిదిలో ఏడు వంతుల దాకా కొద్దిగా వదలండి. అలా వదిలిన క్షణంలో మిశ్రమం కొంచెం చిక్కబడుతుంది. అప్పుడు బండి ముందుకు ఎగదన్నినట్లు అనిపిస్తే మెయిన్ జెట్ చిన్నది, సైజు పెంచాలి. తడబడినా, గొంతు పట్టేసినట్లు గురగుర శబ్దం చేసినా జెట్ పెద్దది. ఏ తేడా లేకుండా నెమ్మదిగా వేగం తగ్గితే జెట్ సరిపోయినట్లే. దీనితోపాటు రెండు గుర్తుల మధ్య దూరాన్ని ఒకే గేరులో, ఒకే వేగం నుంచి మొదలుపెట్టి ఎంత సమయంలో దాటుతోందో ఫోనులోని స్టాప్‌వాచ్‌తో కొలవండి. రెండు జెట్లు ఒకే ఫలితం ఇస్తే పెద్ద జెట్‌ను ఉంచుకోవడం మంచిది.

స్పార్క్ ప్లగ్ చూడడం కూడా ఈ దశలో పనికొస్తుంది. కొత్త ప్లగ్‌తో ఫుల్ థ్రాటిల్‌లో కొంత దూరం నడిపి, లివర్ వదలకుండానే కిల్ స్విచ్ నొక్కి, వెంటనే క్లచ్ పట్టి, బండిని ఆపి ప్లగ్ తీయండి. ఐడిల్‌లో వెనక్కి నడిపించుకు వచ్చిన ప్లగ్ ఐడిల్ సంగతే చెబుతుంది, మెయిన్ జెట్ సంగతి చెప్పదు. నేటి సీసంలేని పెట్రోలుతో ప్లగ్ కొసకు రంగు ఆలస్యంగా పడుతుంది కనుక పింగాణీ అడుగున, లోహపు గోడలోకి దిగిపోయిన చోట కనిపించే సన్నని వలయాన్ని టార్చి వేసి చూడండి. లేత గోధుమ రంగు మంచిది. పింగాణీ మీద మెరిసే చిన్న లోహపు చుక్కలు కనిపిస్తే అవి పిస్టన్ అల్యూమినియం. బండిని వెంటనే ఆపేయండి, జెట్ పెంచకుండా, నాకింగ్‌కు కారణం తెలుసుకోకుండా మళ్లీ స్టార్ట్ చేయవద్దు.

ఆర్థిక స్తోమత ఉంటే హెడ్ పైపుకు బుడిపె వెల్డ్ చేయించి ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టడం అన్నిటికన్నా ఉత్తమ మార్గం. సెన్సర్ కొసలో నీటి బొట్టు నిలవకుండా దాని తల పైకి వంగి ఉండేలా వెల్డ్ చేయించండి. అమెరికాలో దొరికే పెట్రోలులో చాలావరకు పది శాతం ఇథనాల్ కలిసి ఉంటుంది. అలాంటి పెట్రోలుకు గాలి, పెట్రోలు నిష్పత్తి అంకె మారుతుంది కాబట్టి మీటరును లాంబ్డాలో చదవడం మేలు (పెట్రోలు పూర్తిగా మండడానికి సరిపడే గాలి ఉంటే లాంబ్డా 1, అంతకంటే తక్కువైతే మిశ్రమం చిక్కన). ఫుల్ థ్రాటిల్‌లో లాంబ్డా 0.87 నుంచి 0.90 మధ్య ఉంటే చాలా ఇంజిన్లు మంచి బలాన్నీ తగిన రక్షణనూ పొందుతాయి.

నీడిల్

కార్బ్యురేటర్ పై మూత విప్పి, లోపలి చిన్న బిగింపు స్క్రూ తీస్తే నీడిల్ క్లిప్‌తో సహా పైకి వస్తుంది. నీడిల్ మీద వరుసగా గాట్లు ఉంటాయి, వాటిని పై నుంచి లెక్కపెట్టాలి. క్లిప్‌ను ఒక గాటు కిందికి దింపితే నీడిల్ పైకి లేచి మిశ్రమం చిక్కబడుతుంది, పైకి జరిపితే పలచబడుతుంది. కొత్తవారికి ఇది తలకిందులుగా తోచడం మామూలే, అందుకే ఎన్నో గాటులో ఉన్నదో ముందే కాగితం మీద రాసుకోండి.

మూడో గేరులో సగం థ్రాటిల్ దగ్గర లివర్‌ను కదలకుండా పట్టుకుని చదును నేలపై నడపండి. వేగం ఎగుడుదిగుడుగా ఊగుతూ, పొడిగా, కీచుగా అనిపిస్తే మిశ్రమం పలచన. ఎగ్జాస్ట్ బరువుగా గుడగుడమంటూ, ఇంజిన్ వేడెక్కే కొద్దీ పరిస్థితి ఇంకా దిగజారితే చిక్కన. ఒక్కోసారి ఒక గాటు మాత్రమే మార్చి మళ్లీ నడపండి. పావు, ముప్పావు గుర్తుల దగ్గరా ఇదే చేయండి. ముప్పావు దగ్గర బాగుండి పావు దగ్గర మాత్రం తేడా వస్తే క్లిప్ వల్ల ప్రయోజనం ఉండదు, తిన్నని భాగం వేరే మందంతో ఉన్న నీడిల్ తెప్పించాలి. ఆ భాగం 0.01 మిల్లీమీటరు లావైనా తేడా బొటనవేలికి తెలుస్తుంది. లావు నీడిల్ మిశ్రమాన్ని పలచబరుస్తుంది.

పైలట్ జెట్, ఫ్యూయల్ స్క్రూ

మన ఊళ్లలో బుల్లెట్ల మీద చేతిపని నేర్చుకున్నవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. మికుని వీఎం తరహా కార్బ్యురేటర్లలో పక్కన ఉండేది గాలి స్క్రూ. దాన్ని బయటికి తిప్పితే గాలి పెరిగి మిశ్రమం పలచబడుతుంది. ఎఫ్‌సీఆర్‌లో బౌల్‌కు ముందు, ఇంజిన్ వైపు అడుగున ఉండేది పెట్రోలును నియంత్రించే స్క్రూ. దాన్ని బయటికి తిప్పితే మిశ్రమం చిక్కబడుతుంది. చేతి అలవాటుతో తిప్పితే ఫలితం పూర్తిగా తలకిందులవుతుంది.

స్క్రూను నెమ్మదిగా లోపలికి తిప్పి, అది ఆనగానే ఆపండి, గట్టిగా బిగిస్తే కొస చెడిపోతుంది. అక్కడి నుంచి ఒకటిన్నర చుట్లు బయటికి తిప్పి, బండిని స్టార్ట్ చేసి బాగా వేడెక్కించండి. ఐడిల్‌ను నిమిషానికి సుమారు 1,800 చుట్ల దగ్గర ఉంచి, స్క్రూను పావు చుట్టు చొప్పున లోపలికి తిప్పుతూ ఇంజిన్ తడబడే చోటును గుర్తించండి. తరువాత బయటికి తిప్పుతూ వేగం అత్యధికంగా పెరిగే చోటునూ, మళ్లీ పడిపోవడం మొదలయ్యే చోటునూ గుర్తించండి. వేగం అత్యధికంగా ఉన్న చోట స్క్రూను నిలిపి, ఐడిల్ నాబ్‌తో వేగాన్ని తగ్గించి, మరొక్కసారి సరిచూడండి. ఆ చోటు ఒక చుట్టు లోపే వస్తే పైలట్ జెట్ పెద్దది, ఒక సైజు తగ్గించాలి. రెండున్నర చుట్లు దాటితే జెట్ చిన్నది, పెంచాలి. స్క్రూ మరీ బయటికి వస్తే అదురుకు ఊడిపోయే అవకాశమూ ఉంది. స్క్రూను పూర్తిగా తీసినప్పుడు దానితో వచ్చే స్ప్రింగ్, వాషర్, ఓ-రింగ్ అదే వరుసలో తిరిగి వెళ్లాలి. అట్టడుగున ఉండే చిన్న ఓ-రింగ్ కార్బ్యురేటర్‌లోనే అంటుకుపోయి కనబడకపోవడం తరచూ జరిగేదే.

థ్రాటిల్ వదిలాక ఇంజిన్ వేగం వెంటనే దిగకుండా వేలాడితే మిశ్రమం ఇంకా పలచగా ఉన్నట్లు. వాలులో దిగేటప్పుడు సైలెన్సర్‌లో టపటపమని పేలితే కూడా అదే అనుమానం రావాలి, కానీ ఒక్కొక్కసారి దానికి కారణం జెట్ కాదు. థ్రాటిల్ వదిలినప్పుడు మిశ్రమాన్ని చిక్కబరిచే ఎయిర్ కట్ వాల్వ్ డయాఫ్రమ్ చిరిగినా, హెడ్ పైపు జాయింట్ లీకైనా అదే శబ్దం వస్తుంది.

యాక్సిలరేటర్ పంపు

థ్రాటిల్ ఒక్కసారిగా తెరిచినప్పుడు అదనంగా పెట్రోలు చిమ్మే పంపు ఇది. పై మూడు దశలూ కుదిరాకే దీన్ని ముట్టుకోవాలి. లివర్ నెమ్మదిగా నొక్కితే బండి చక్కగా లాగుతూ, ఒక్కసారిగా నొక్కితే మాత్రం చచ్చిపోయినట్లు ఆగుతుంటే లోపం పంపుదే. ఇంజిన్ ఆపి, ఎయిర్‌బాక్స్ వైపు బూట్ తప్పించి, కార్బ్యురేటర్‌లోకి చూస్తూ లివర్ నొక్కండి. పెట్రోలు ధార సన్నగా, నేరుగా, లేస్తున్న స్లైడ్‌ను (థ్రాటిల్‌తో పైకి లేచి గాలి దారిని తెరిచే పలకను) తాకకుండా దాని కిందుగా దూసుకుపోవాలి. స్లైడ్‌కు తగిలి చిట్లితే ధార మొదలయ్యే వేళ మార్చాలి. తడబాటుతోపాటు నల్లని పొగ వస్తే పెట్రోలు ఎక్కువ, కార్బ్యురేటర్ గుండా తుమ్మినట్లు శబ్దం వస్తే తక్కువ. బౌల్‌లో ఉండే లీక్ జెట్ పంపు పెట్రోలులో కొంత వెనక్కి వదులుతుంది, కాబట్టి పెద్ద లీక్ జెట్ ధారను తగ్గిస్తుంది, చిన్నది పెంచుతుంది. కార్బ్యురేటర్ పక్కనున్న థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ బిగింపును ఈ పనిలో కదిలించవద్దు. అది ఇగ్నిషన్ టైమింగ్‌తో ముడిపడి ఉంది.

ఎత్తు, ఎండ, చలి

కాలిఫోర్నియాలోని ఇంపీరియల్ ఇసుక దిబ్బల్లో కుదిరిన అమరిక యూటా రాష్ట్రంలోని మోయబ్‌లో కుదరదు. మోయబ్ సముద్రమట్టానికి సుమారు 1,200 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడ గాలి సాంద్రత దాదాపు పదకొండు శాతం తక్కువ. గాలి బరువు సాంద్రతకు తగ్గట్లు తగ్గుతుంది, పెట్రోలు మాత్రం సాంద్రత వర్గమూలానికి తగ్గట్లే తగ్గుతుంది, కనుక మిశ్రమం సుమారు ఆరు శాతం చిక్కబడుతుంది. పైన చెప్పిన వైశాల్యపు లెక్క ప్రకారం 165 జెట్ నుంచి 160కి దిగితే ఆ ఆరు శాతం సరిపోతుంది. 40 డిగ్రీల ఎండలో కుదిర్చిన బండిని సున్నా డిగ్రీల చలిలో నడిపితే దాదాపు ఇంతే తేడా వ్యతిరేక దిశలో వస్తుంది, అంటే మిశ్రమం పలచబడుతుంది. మధ్యాహ్నపు వేడిలో జెట్ తగ్గించి తెల్లవారుజామున ఫుల్ థ్రాటిల్ ఇచ్చేవారికి అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ఎత్తు నుంచి దిగి వచ్చినప్పుడు పెద్ద జెట్ తిరిగి వేశాకే బండిని గట్టిగా నడపండి.

ఒక చిన్న పుస్తకంలో తేదీ, ఉష్ణోగ్రత, ఎత్తు, మెయిన్ జెట్, క్లిప్ గాటు, పైలట్ జెట్, స్క్రూ చుట్లు, లీక్ జెట్, ఏ గుర్తు దగ్గర ఏమనిపించింది అన్నవి రాసి పెట్టండి. ఒక్కో పరుగుకు ఒక్క మార్పే చేయండి. జెట్లు ఉన్న చిన్న డబ్బా, చిన్న అలెన్ కీలు, 17 రెంచి, బౌల్ ప్లగ్‌కు అదనపు ఓ-రింగ్ ఒకటి టూల్‌బాక్స్‌లో ఉంచుకుంటే, కొత్త చోటుకు వెళ్లిన ఉదయమే బండి ట్రక్కు దగ్గర ఉండగానే జెట్ మార్చుకోవచ్చు.